ఇల్లు కొన్నవారికి వీధి కూడా దక్కాలి

ఇంగ్లండ్ గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వ శాఖ మంత్రి గారికి,



ఈ పార్లమెంటు గడువు తీరేలోగా ఇంగ్లండ్‌లో 15 లక్షల కొత్త ఇళ్లు కట్టిస్తామని మీ ప్రభుత్వం మాట ఇచ్చింది. వాటిలో ఎన్నో చిన్న పట్టణాల పొలిమేరల్లో, నిన్నటిదాకా గోధుమ పండిన పొలాల్లో లేస్తాయి. ఆ ఇళ్లు రావాలనే నేనూ కోరుకుంటున్నాను. జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోతున్న కుటుంబాలకు సొంత ఇల్లు అందుబాటులోకి రావడం న్యాయం. నా విన్నపం గుమ్మం దాటి అడుగు పెట్టే చోటు గురించి. ఆ రోడ్డు, దీపస్తంభం, పిల్లలు ఆడుకునే పచ్చిక, వాన నీరు నిలిచే కుంట ఎవరివి? ఇంగ్లండ్‌లో చాలా కొత్త కాలనీల్లో ఇవి ఊరివి కావడం లేదు, కొన్నవారివీ కావడం లేదు. ఏదో ఒక ప్రైవేటు నిర్వహణ కంపెనీ పేరున మిగిలిపోతున్నాయి. ఇకపై కట్టే ప్రతి కాలనీలోనూ వీటిని ప్రజా సంస్థకు అప్పగించడాన్ని తప్పనిసరి చేయాలి. ఆ షరతును నిర్మాణ అనుమతి ఇచ్చే రోజునే చట్టప్రకారం పెట్టాలి. ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఆసుపత్రుల్లో డాక్టర్లుగా, నర్సులుగా, కంపెనీల్లో ఇంజనీర్లుగా ఆ చిన్న పట్టణాల్లో స్థిరపడుతున్న తెలుగువాళ్లు కూడా ఈ ఇళ్లు కొంటున్నారు. మీ నిర్ణయం వాళ్ల మీదా పడుతుంది కాబట్టి మీకు రాసిన మాట వాళ్లూ చదవాలి.

కొనుగోలు ఎలా జరుగుతుందో చూడండి. కుటుంబం ముందుగా షో హోమ్ చూస్తుంది. బ్రోషర్‌లో ఆటస్థలం, సైకిల్ దారి, చెట్ల వరస కనిపిస్తాయి. ఇల్లు ఫ్రీహోల్డ్ అని సేల్స్ ఆఫీసులో చెబుతారు. భూమీ ఇల్లూ కలకాలం తమవే అన్నమాట. లీజ్‌హోల్డ్ ఫ్లాట్ల కష్టాలు విని ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట. తరవాత సొలిసిటర్ దగ్గర నుంచి బదిలీ దస్తావేజు వస్తుంది. కాలనీలోని ఉమ్మడి స్థలాల నిర్వహణకు ఎంత ఖర్చయితే అందులో తన వాటా ఏటా చెల్లిస్తానని కొనేవారు ఒప్పుకునే షరతు అందులో ఉంటుంది. మొత్తం ఇంత మించకూడదన్న హద్దు చాలాసార్లు ఉండదు. ఆ బాధ్యత మనిషితో పోదు, ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. ల్యాండ్ రిజిస్ట్రీలో ఆంక్ష నమోదవుతుంది కాబట్టి రేపు ఇల్లు అమ్మాలన్నా బకాయి ఏమీ లేదని ఆ కంపెనీ ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి మళ్లీ రుసుము కట్టాలి. ఇంకోపక్క కౌన్సిల్ టాక్స్ పాత వీధుల్లో ఉన్నవాళ్లతో సమానంగా వస్తుంది. మీ రోడ్డు మేం చూడటం లేదు గనుక కొంత తగ్గిస్తామని కౌన్సిళ్లు అనవు. పాత వీధిలో ఉన్నవారు ఒకసారి చెల్లించే సేవకు కొత్త కాలనీవారు రెండుసార్లు చెల్లిస్తున్నారు.

ఇది అక్కడక్కడా జరిగే పొరపాటు అనుకోవడానికి వీల్లేదు. కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ ఏడాదిపాటు ఇళ్ల నిర్మాణ రంగాన్ని పరిశీలించి 2024 ఫిబ్రవరిలో తుది నివేదిక ఇచ్చింది. 11 పెద్ద బిల్డర్లు 2021-22లో అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతం ఈ ఎస్టేట్ చార్జీల కింద ఉన్నాయని ఆ నివేదిక లెక్క తేల్చింది. సగటు చార్జీ ఏటా 350 పౌండ్లు. సగటు చూసి ఇంతేనా అనుకోకూడదు. పెద్ద మరమ్మతు వచ్చిపడితే ముందు చెప్పాపెట్టకుండా వేల పౌండ్ల బిల్లు రావచ్చని అదే నివేదిక హెచ్చరించింది. వచ్చే బిల్లులో చాలాసార్లు పరిపాలన రుసుములే సగం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటున్నాయని కూడా గుర్తించింది. గడ్డి కోసినందుకు ఎంత కడుతున్నారో, గడ్డి కోసిన బిల్లు పంపినందుకూ దాదాపు అంతే కడుతున్నారన్నమాట. పని నచ్చకపోతే కంపెనీని మార్చుకునే దారి చాలాచోట్ల నివాసులకు లేదు. మార్కెట్ అంటే ఎంచుకునే స్వేచ్ఛ, ప్రభుత్వం అంటే ఓటు వేసే హక్కు. ఈ కాలనీల్లో ఆ రెండూ లేవు. పోటీ చక్కగా సాగుతోందా అని చూడటమే పనిగా ఉన్న సంస్థ, మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే సర్దుకుంటుందని ఇక్కడ అనలేదు. కొత్త కాలనీల ఉమ్మడి సదుపాయాలను కౌన్సిళ్లు స్వాధీనం చేసుకోవడం తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. నేను అడుగుతున్నదీ అదే.

ఈ పరిస్థితి ఎలా వచ్చింది? 1980 హైవేస్ చట్టం 38వ సెక్షన్ కింద బిల్డర్ వేసిన రోడ్డును హైవే అథారిటీ, అంటే రోడ్లు చూసే కౌన్సిల్, తీసుకోవచ్చు. తీసుకోవచ్చు అనే ఉంది, తీసుకోవాలి అని లేదు. బిల్డర్ ఆ ఒప్పందానికి రాకపోయినా తప్పు లేదు, కౌన్సిల్ వద్దన్నా తప్పు లేదు. 2010 తరవాత కేంద్రం నుంచి వచ్చే నిధులు తగ్గిపోయి కౌన్సిళ్లు కొత్త భారం అంటేనే వెనక్కి తగ్గాయి. రోడ్డు తీసుకోవాలంటే భవిష్యత్తు నిర్వహణకు ముందే ఇంత మొత్తం కట్టమని బిల్డర్లను అడగసాగాయి. బిల్డర్లకు ఆ సొమ్ము మిగుల్చుకునే దారి కనబడింది. ఉమ్మడి స్థలాలను నిర్వహణ కంపెనీకి రాసిచ్చి, ఖర్చు కొన్నవారి మీద వేస్తే సరి. కౌన్సిల్ నిర్ణయించిన ప్రమాణాలకు తగ్గట్టు రోడ్డు వేయాల్సిన ఒత్తిడి కూడా తప్పింది. దీనికి తోడు చాలా కౌంటీల్లో రెండంచెల పాలన. ఇంటికి అనుమతి ఇచ్చేది డిస్ట్రిక్ట్ కౌన్సిల్, రోడ్డు చూడాల్సింది కౌంటీ కౌన్సిల్, మురుగు కాలువ తీసుకోవాల్సింది నీటి కంపెనీ, పార్కు ఎవరు తీసుకుంటారో ఎవరికీ తెలియదు. తిలాపాపం తలా పిడికెడు. ఆఖరికి పాపమంతా ఇల్లు కొన్నవారి ఇంటికే చేరింది.

ఇంగ్లండ్‌కు ఇది కొత్త సమస్య కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు పట్టణాల చుట్టూ బిల్డర్లు వరసగా ఇళ్లు కట్టి, మట్టి రోడ్డు వదిలేసి వెళ్లిపోయేవారు. మురుగు నిలిచేది, జబ్బులు వచ్చేవి. 1875 ప్రజారోగ్య చట్టం, 1892 ప్రైవేటు వీధుల పనుల చట్టం ఆ రోడ్లను సరిచేయించి ఊరికి చేర్చే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చాయి. ఇవాళ ఏ చిన్న పట్టణానికి వెళ్లినా ఎర్ర ఇటుకల పాత ఇళ్ల వరసల ముందున్న వీధి చాలావరకు కౌన్సిల్‌దే. ఆ ఇల్లు కొనేవారు వీధి ఎవరిదని అడగాల్సిన అవసరమే రాదు. దానివెనక ఉన్నది ఆనాటి చట్టసభల పట్టుదల. విక్టోరియన్ కాలం వాళ్లు తేల్చిన సమస్యను ఇంగ్లండ్ మళ్లీ తెచ్చిపెట్టుకుంది.

డబ్బు లెక్క కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. చిన్న పట్టణంలో ఇల్లు కొనడం అంటే ఆ ఊళ్లో ఒకరు కావడం. పెద్ద నగరంలో ఎవరి మానాన వారు బతకవచ్చు. పాతిక ముప్ఫై వేల జనాభా ఉన్న ఊళ్లో బడి, డాక్టరు క్లినిక్, లైబ్రరీ, శనివారం సంత, ఫుట్‌బాల్ మైదానం అందరికీ ఉమ్మడి. కొత్తగా వచ్చినవారు, అందులోనూ దూరదేశం నుంచి వచ్చినవారు, ఊరిలో కలిసేది ఇలాంటి చోట్లే. రోడ్డు మీద గుంత పడితే టౌన్ కౌన్సిలర్‌కు చెప్పడం, మూడు వారాలైనా పూడ్చకపోతే మళ్లీ అడగడం, మే నెల ఎన్నికల్లో ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఓటు వేయడం, కోపం మరీ ఎక్కువైతే తామే నిలబడటం, ఇవన్నీ పౌరజీవితంలో మొదటి పాఠాలు. స్థానిక రాజకీయం గుంతలతో, వీధి దీపాలతో, చెత్త బండితోనే మొదలవుతుంది. కొత్త కాలనీలో ఈ దారి మూసుకుపోయింది. కౌన్సిలర్‌ను అడిగితే అది మా రోడ్డు కాదంటారు, మంచు పడ్డ రోజు ఉప్పు చల్లే కౌన్సిల్ బండి కాలనీ మలుపు దగ్గరే వెనక్కి తిరగొచ్చు. నివాసులకు మిగిలేది ఒక కాల్ సెంటర్ నంబరు, ఒక ఈమెయిల్ చిరునామా. ఓటరు స్థానంలో ఉండాల్సిన మనిషి అక్కడ ఖాతాదారు అయ్యాడు, అదీ ఖాతా మూసుకునే వీలు లేని ఖాతాదారు.

దీనివల్ల ఇరుగుపొరుగు మధ్య కూడా గీత పడుతుంది. కాలనీ మధ్యలోని పార్కులో ఎవరైనా నడవొచ్చన్నది చాలాచోట్ల నిర్మాణ అనుమతిలోనే ఉన్న షరతు. అది మంచి షరతు. కానీ పాత వీధి నుంచి కుక్కను తిప్పడానికి వచ్చినవారు ఏమీ కట్టరు, పక్కనే ఉన్న ఇంటివారు కడతారు. విరిగిన ఉయ్యాల బాగుచేసినందుకు బిల్లు వచ్చిన ఇంటివారికి, ఆ ఉయ్యాల మీద ఊగుతున్న బయటి పిల్లలు అతిథుల్లా కనిపించడం ఆగిపోవచ్చు. ఈ పార్కు మాది, మేం డబ్బు కడుతున్నాం అనే మాట అక్కడే పుడుతుంది. అటు పాత ఊరివారు కొత్త కాలనీని ఊరి చివర అంటించిన ప్రైవేటు స్థలంగా చూస్తారు. తప్పు ఇద్దరిదీ కాదు. ఉమ్మడి స్థలానికి ఉమ్మడి యాజమాన్యం లేకుండా చేసి, ఉమ్మడిగా బతకండని చెప్పడంలో ఉంది తప్పు. వలస వచ్చినవారు ఊళ్లో కలవడం లేదని మీ దేశంలో రాజకీయ నాయకులు తరచూ అంటుంటారు. కలవడానికి ఉన్న మొదటి చోటును, ఇంటి ముందు వీధిని, ఊరి నుంచి విడదీసి అమ్ముతున్న సంగతిని కూడా ఆ చర్చలో లెక్కలోకి తీసుకోవాలి.

చట్టం చూపే వివక్ష ఇంకొకటి. లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌లో ఉన్నవారికి 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనంట్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. సర్వీస్ చార్జీ సమంజసంగా ఉండాలి, లేదనిపిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పూర్తి యజమాని అనిపించుకునే ఫ్రీహోల్డ్ ఇంటివారికి ఆ రక్షణ లేకుండా పోయింది. స్కాట్లండ్ 2011లోనే ప్రత్యేక చట్టం తెచ్చి, ఇలా ఉమ్మడి స్థలాలు చూసే సంస్థలు రిజిస్టరు కావాలని, నియమావళి పాటించాలని నిర్దేశించింది. ఇంగ్లండ్‌లో మాత్రం 1925 నాటి ఆస్తి చట్టం 121వ సెక్షన్ నీడ ఇప్పటికీ తొలగిపోలేదు. దాని ప్రకారం ఎస్టేట్ రెంట్‌చార్జ్ (దస్తావేజు ద్వారా ఇంటికి ముడిపెట్టిన ఏటా చార్జీ) బకాయి 40 రోజులు దాటితే, అది రావాల్సినవారు బకాయి వసూలు కోసం ఆ ఇంటి మీద లీజు రాయించుకోవచ్చు. 2016లో అప్పర్ ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన కేసులో, పాత రకం రెంట్‌చార్జ్ మీద ఇరవై పౌండ్లు కూడా లేని బకాయిలకు ఇళ్ల మీద అలాంటి లీజులు సృష్టించారని తేలింది. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి అవి చెల్లుతాయనే ట్రిబ్యునల్ చెప్పాల్సి వచ్చింది. దస్తావేజులో రెంట్‌చార్జ్ ఉందంటే అప్పు ఇచ్చే బ్యాంకులు వెనకాడటానికి కారణం ఇదే. 2024 మే 24న రాజముద్ర పడిన లీజ్‌హోల్డ్, ఫ్రీహోల్డ్ సంస్కరణల చట్టంలో ఫ్రీహోల్డ్ ఇంటివారికీ చార్జీని ప్రశ్నించే హక్కు, వివరాలు అడిగే హక్కు, ట్రిబ్యునల్ ద్వారా మేనేజరును మార్పించుకునే హక్కు రాశారు. అవి ఆచరణలోకి రావాలంటే మంత్రిగా మీరు విడిగా నిబంధనలు జారీ చేయాలి. వాటికి ఒక తేదీ ప్రకటించి ఆ తేదీకి కట్టుబడండి. అయినా నేను అడిగేది అంతటితో తీరదు. ప్రశ్నించే హక్కు వస్తే అన్యాయమైన బిల్లు కొంత న్యాయంగా మారుతుంది, ఒకే సేవకు రెండుసార్లు కట్టడం మాత్రం అలాగే ఉంటుంది.

మొదటి అభ్యంతరం నాకు తెలుసు, అది బలమైనదే. కౌన్సిళ్ల దగ్గర డబ్బు ఎక్కడిది? నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ 2018లో చేతులెత్తేసింది. 2023లో బర్మింగ్‌హామ్ అంతటి నగరం అదే స్థితికి వచ్చింది. ఉన్న రోడ్ల గుంతలే పూడ్చలేని కౌన్సిళ్ల నెత్తిన కొత్త కాలనీలు పెట్టడం ఎలా? దీనికి ఇంగ్లండ్‌లోనే రెండు జవాబులు ఉన్నాయి. మిల్టన్ కీన్స్‌ను కట్టిన డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1992లో మూతపడేటప్పుడు, అక్కడి పార్కుల్లో ఎక్కువ భాగాన్ని 999 ఏళ్ల లీజు మీద ఒక ట్రస్టుకు అప్పగించారు. నిర్వహణకు దాదాపు 2 కోట్ల పౌండ్ల మూలధనాన్ని, ఎక్కువ భాగం వ్యాపార భవనాల రూపంలో, దానికి ఇచ్చారు. ఎక్కువగా ఆ అద్దెలతోనే వేల ఎకరాల పచ్చదనం నడుస్తోంది, ఇళ్లవారికి విడిగా బిల్లు వెళ్లదు. పొలం ఊరుగా మారినప్పుడు భూమి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంత ఊరి కోసం పక్కన పెడితే చాలునని ఉద్యాన నగరాల ఆలోచన తెచ్చిన ఎబెనెజర్ హోవర్డ్ నూరేళ్లకు ముందే వాదించాడు. 1903లో మొదలైన లెచ్‌వర్త్ పట్టణం ఆ వాదం మీదే నిలబడింది. ఇప్పటికీ అక్కడ ఆ ఆస్తుల ఆదాయం ఒక ఫౌండేషన్ ద్వారా ఊరికే ఖర్చవుతోంది.

రెండో జవాబు ఇంకా చిన్నది, అందుకే నాకు ఇంకా నచ్చింది. డెవన్‌లో ఎక్సెటర్ పక్కన క్రాన్‌బ్రుక్ అనే కొత్త ఊరు ఉంది. మొదటి కుటుంబాలు 2012లో చేరాయి. వాళ్ల మీద మొదట ఎస్టేట్ రెంట్‌చార్జ్ ఉండేది. 2015లో అక్కడ టౌన్ కౌన్సిల్ ఏర్పడింది. కొన్నేళ్లకు ఆ కౌన్సిల్ ఉమ్మడి స్థలాల బాధ్యత తన మీద వేసుకుంది, రెంట్‌చార్జ్ పోయి ఆ ఖర్చు కౌన్సిల్ టాక్స్‌లోని టౌన్ కౌన్సిల్ వాటాలో కలిసింది. ఆ వాటా తక్కువేమీ కాదు. ఖర్చు మాయం కాలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పన్ను ఇంటి విలువ బ్యాండును బట్టి పడుతుంది, ఆదాయం తక్కువ ఉన్నవారికి రాయితీ దొరుకుతుంది, లెక్కలు బహిరంగ సమావేశంలో ఉంటాయి, నచ్చకపోతే మనిషిని మార్చవచ్చు. ఎస్టేట్ చార్జీలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. డబ్బు ఎవరో ఒకరు కట్టాల్సిందే అన్నప్పుడు, జవాబు చెప్పాల్సినవారికి కట్టడమే మేలు.

రెండో అభ్యంతరం బిల్డర్ల వైపు నుంచి వస్తుంది. అప్పగింత తప్పనిసరి చేస్తే మా ఖర్చు పెరుగుతుంది, ఇళ్ల ధరలు పెరుగుతాయి, 15 లక్షల లక్ష్యం దెబ్బతింటుంది అంటారు. ఇల్లు ఏ ధరకు అమ్ముడవుతుందో నిర్ణయించేది ముఖ్యంగా ఆ ఊళ్లోని ఇతర ఇళ్ల ధరలు. కొత్త ఇల్లు పక్కనున్న పాత ఇంటితో పోటీపడాలి. బిల్డర్ ఖర్చు పెరిగితే తగ్గేది పొలం యజమానికి ఇవ్వజూపే ధర. నియమం అందరికీ ఒకటే అయి, భూమి బేరం కుదరకముందే తెలిస్తే, ప్రతి బిల్డరూ దాన్ని లెక్కలో వేసుకునే బేరమాడతాడు. ఇప్పటికే కుదిరిన బేరాలకు కొంత గడువు ఇవ్వడం న్యాయమే, ఇవ్వండి. పైగా ఈనాడు ఒక్కో కౌంటీ రోడ్లకు ఒక్కో ప్రమాణం పెట్టడం వల్ల జరుగుతున్న ఆలస్యాలు దేశమంతటికీ ఒకే ప్రమాణం ఉంటే తగ్గుతాయి. ఆ ఉమ్మడి ప్రమాణాన్ని కూడా కాంపిటీషన్ అథారిటీ సిఫారసు చేసింది. అదీగాక కొత్త కాలనీ వస్తోందంటే చిన్న పట్టణాల్లో వచ్చే వ్యతిరేకతలో కొంత, అది ఊరికి ఏమీ ఇవ్వదన్న నమ్మకం నుంచి వస్తుంది. రోడ్డూ పార్కూ ఊరివి అవుతాయని ముందే రాసి ఉంటే ఆ వ్యతిరేకత కొంత మెత్తబడుతుందని నా నమ్మకం.

చదివే కదా సంతకం పెట్టారు అనే మాట కూడా వినిపిస్తుంది. కొన్నవారికి ముందస్తు సమాచారం సరిగా అందడం లేదని కాంపిటీషన్ అథారిటీ స్పష్టంగా చెప్పింది. మార్ట్‌గేజ్ ఆఫరు గడువు దగ్గరపడి, అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేసిన స్థితిలో కుటుంబం చేతికి దస్తావేజు వస్తుంది. బిల్డర్ సూచించిన సొలిసిటర్‌నే పెట్టుకుంటే అవసరమైనంత గట్టిగా హెచ్చరిక రాకపోవచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, పెద్ద బిల్డర్ల ఇళ్లలో 80 శాతం ఇలాగే అమ్ముతుంటే సంతకం పెట్టనివారు ఏ ఇల్లు కొనాలి? ఇంకో మాట కూడా ఉంది, నివాసులే నడుపుకునే కంపెనీలు చక్కగా పనిచేస్తున్నాయని. కొన్నిచోట్ల నిజమే. చుట్టూ గోడ, బయటివారికి దారిలేని పది ఇళ్ల ప్రాంగణం అయితే అలా నడుపుకోనివ్వండి. ఊరందరూ నడిచే రోడ్డుకు, ఊరి వాన నీరంతా చేరే కుంటకు ఆ పద్ధతి సరిపడదు.

కుంటల సంగతి వచ్చింది కాబట్టి ఒక విషయం. కొత్త కాలనీల్లో వాన నీరు ఒక్కసారిగా కాలువల్లోకి పోకుండా కుంటలు, గడ్డి కాలువలు తవ్వడం మంచి పద్ధతి. 2010 వరదలు, నీటి నిర్వహణ చట్టం మూడో షెడ్యూలు వీటిని స్థానిక సంస్థలు పరిశీలించి స్వాధీనం చేసుకోవాలని చెప్పింది. వేల్స్ దాన్ని 2019 జనవరి 7 నుంచి అమలు చేసింది. ఇంగ్లండ్ చేయలేదు. అదే చట్టం, అదే షెడ్యూలు. సరిహద్దుకు అటువైపు కాలనీలో కుంట ప్రజలది, ఇటువైపు తరచుగా కంపెనీది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు జీవవైవిధ్యాన్ని 10 శాతం పెంచాలని, అలా పెంచిన పచ్చదనాన్ని 30 ఏళ్లు కాపాడాలని నియమం వచ్చింది. అదీ మంచి నియమమే. కానీ దేశమంతటి కోసం పెట్టుకున్న ఈ పర్యావరణ లక్ష్యాల ఖర్చును ఆ కాలనీలో ఇల్లు కొన్న నాలుగైదు వందల కుటుంబాలే 30 ఏళ్లు మోయడం ఏ లెక్కన న్యాయం? వరద ఆగితే మేలు కిందనున్న ఊరందరిదీ.

అప్పగింతను ముందే తప్పనిసరి చేయడం ఆచరణలో సాధ్యమేనా అంటే, తెలుగు పాఠకులకు తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లేఅవుట్ వేసేవారు రోడ్లను, సాధారణంగా 10 శాతం ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా ఉచితంగా స్థానిక సంస్థకు రాసివ్వాలి. రోడ్లు, కాలువలు, దీపాలు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్ల స్థలం ప్రభుత్వ సంస్థ దగ్గర తనఖాలో ఉంటుంది, పని పూర్తి చేస్తేనే విడుదల చేస్తారు. మా రాష్ట్రాల్లో ఈ నియమాన్ని చక్కగా పాటిస్తున్నారని చెప్పబోవడం లేదు. అనుమతి లేని లేఅవుట్లు ఎన్ని ఉన్నాయంటే, 2020లో తెలంగాణ క్రమబద్ధీకరణకు అవకాశం ఇస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. కానీ ఆ 25 లక్షలమంది కష్టమూ ఒకటే చెబుతోంది: వీధి సంగతి అమ్మకానికి ముందే తేలకపోతే ఆ తప్పును దిద్దుకునే ఖర్చు చివరికి కొన్నవారి మీదే పడుతుంది. నియమాన్ని అమలు చేసే యంత్రాంగంలో మా రాష్ట్రాల కన్నా మీకు పట్టు ఎక్కువ. మీ దగ్గర లేనిది నియమమే.

దాన్ని పెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. 2024 డిసెంబరు శ్వేతపత్రంలో మీ ప్రభుత్వం రెండంచెల కౌన్సిళ్లను రద్దు చేసి ఒకే కౌన్సిల్‌గా మారుస్తామని ప్రకటించింది. ఇంటికి అనుమతి ఇచ్చే చేయి, రోడ్డు చూసే చేయి ఒకే సంస్థవి కాబోతున్నాయి. ఆ కొత్త కౌన్సిళ్లు పుట్టేనాటికే అప్పగింత నియమం సిద్ధంగా ఉండాలి. అనుమతితో పాటే ప్రమాణం, అప్పగించే గడువు, గడువు దాటితే కౌన్సిల్ వాడుకునేలా బిల్డర్ కట్టే పూచీ సొమ్ము, నిర్వహణకు మూలధనం రాసుకోవాలి. పార్కు ఏ టౌన్ కౌన్సిల్‌కు చేరుతుందో కూడా ఆనాడే తేలాలి, ఊళ్లో టౌన్ కౌన్సిల్ లేకపోతే ఏర్పాటు చేయాలి.

ఇప్పటికే ఇల్లు కొనేసినవారి సంగతి మిగిలింది. వాళ్లందరి రోడ్లనూ ఒక్క రోజులో తీసుకోమని అడగను. చాలాచోట్ల రోడ్డు ప్రమాణానికి తగ్గట్టు లేదు, సరిచేయకుండా తీసుకుంటే కౌన్సిల్ మునుగుతుంది. బిల్డర్ ఇంకా పని చేస్తున్న కాలనీలతో మొదలుపెట్టండి. అక్కడ రోడ్డును ప్రమాణానికి తెచ్చి అప్పగించే ఖర్చు బిల్డర్‌దేనని, అప్పగించేదాకా అదే బిల్డర్‌కు ఆ జిల్లాలో కొత్త అనుమతి ఇచ్చేటప్పుడు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవచ్చని నియమం పెట్టండి. పని ముగిసిన కాలనీల్లో నివాసుల్లో ఎక్కువమంది కోరితే, స్వాధీనం చేసుకోవడానికి ఏం సరిచేయాలో కౌన్సిల్ ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. కంపెనీ దగ్గర జమైన మరమ్మతుల నిధి ఆ పనికే వెళ్లాలి. అప్పటిదాకా రోడ్డు ఉప్పు, దీపాల కరెంటు, చెత్త బండి దారి వంటి, పాత వీధికి కౌన్సిల్ టాక్స్ కింద అందే కనీస సేవలు వాళ్లకూ అందాలి. మొదట కదలాల్సింది పని నడుస్తున్న కాలనీల విషయంలోనే. చివరి ఇల్లు అమ్ముడై, షో హోమ్ కూడా అమ్మేసి బిల్డర్ ఊరు విడిచిన తరవాత అతన్ని వెనక్కి రప్పించడానికి కౌన్సిల్ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.